‘అయొడో’ ముందా, ‘క్లోరో’ ముందా?

పాఠకురాలి ఉత్తరం: “మేడమ్ గారికి నమస్కారం. నేను తిరుపతిలో ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతున్నాను. పదో తరగతి దాకా పాకాల దగ్గర మా ఊళ్లో తెలుగు మీడియం. ఆర్గానిక్ కెమిస్ట్రీలో అణువుకి ఓహెచ్, సీఓఓహెచ్ లాంటి ప్రమేయ సమూహం ఒక్కటే ఉంటే పేరు పెట్టేస్తాను. రెండు మూడు కలిసి వస్తే చెయ్యి ఆగిపోతుంది. ప్రాధాన్య క్రమం చార్టు గోడకు అంటించుకుని బట్టీ పట్టాను. పరీక్షలో కూర్చోగానే అంతా కలగాపులగం అయిపోతోంది. మొన్న టెస్టులో నాలుగు నిర్మాణాలిచ్చి పేర్లు రాయమంటే ఒక్కటే రైటు. నా జవాబులు కింద రాశాను. నాలుగోదానిలో అక్షరక్రమం కూడా పాటించాను, అయినా తప్పు కొట్టారు. సార్‌ని అడుగుదామంటే అందరి ముందూ ఏమంటారో అని టెన్షన్. నాకు ఈ సబ్జెక్టు రాదా మేడమ్?”

తల్లీ, నీ నాలుగు జవాబులూ రెండుసార్లు చూశాను. మూడు తప్పులకీ మూడు వేర్వేరు కారణాలున్నాయి. సబ్జెక్టు రానివాళ్లు ఒకే తప్పు మూడుసార్లు చేస్తారు. నీది ఆ బాపతు కాదు.

అన్నిటికంటే నాకు నచ్చింది నీ నాలుగో జవాబులోని తప్పు. అక్కడి నుంచే మొదలుపెడతాను. ఫార్ములాలు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, నువ్వు పక్కన నోట్సు పెట్టుకుని మామూలుగా వేసుకో.

ప్రశ్న ఇది: సీహెచ్₃–సీహెచ్‌సీఎల్–సీహెచ్ఐ–సీఓఓహెచ్. నువ్వు రాసింది 2-అయొడో-3-క్లోరోబ్యూటనోయిక్ ఆమ్లం. ప్రధాన సమూహం, అంటే పేరు చివర నిలిచేది, ఆమ్లమని సరిగ్గా పట్టావు. నంబర్లు ఆమ్లం వైపు నుంచే వేశావు. నాలుగు కార్బన్లూ లెక్కలోకి వచ్చాయి. మరి తప్పెక్కడ? అక్షరక్రమం పాటించానన్నావు చూడు, అక్కడే. నువ్వు పాటించింది మన తెలుగు అక్షరక్రమం. ‘అ’ ముందు, ‘క’ తర్వాత. రసాయనాల పేర్లకి నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ వాళ్లు చూసేది ఇంగ్లిష్ స్పెల్లింగ్. మనం ‘అయొడో’ అని పలికేది అక్కడ ‘ఐ’ అక్షరంతో మొదలవుతుంది, ‘క్లోరో’ ‘సీ’తో. ‘సీ’ ముందు కాబట్టి సరైన పేరు 3-క్లోరో-2-అయొడోబ్యూటనోయిక్ ఆమ్లం. 3 ముందూ 2 తర్వాతా వచ్చిందేమిటని కంగారు పడకు. పూర్వపదాలు, అంటే క్లోరో, అయొడో లాగా పేరు ముందు చేరేవి, వరసలో నిలబడేది అక్షరాన్ని బట్టే, నంబర్‌ని బట్టి కాదు.

ఇప్పుడు నీ మూడో జవాబు చూడు, నీకు మార్కు పడినది. 2-అమైనో-3-హైడ్రాక్సీప్రొపనోయిక్ ఆమ్లం. అక్కడా నువ్వు వాడింది ఇదే పద్ధతి. ‘అ’ తర్వాత ‘హ’. ఇంగ్లిష్‌లోనూ ‘ఏ’ తర్వాతే ‘హెచ్’ కాబట్టి అదృష్టం కలిసొచ్చి బయటపడ్డావు. ఒకే పద్ధతికి ఒకచోట రైటు, ఇంకోచోట తప్పు పడితే ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. నేను క్లాసులో తెలుగు మీడియం పిల్లలకు ఇరవై ఏళ్ల పైచిలుకు ఇదే పాఠం చెప్పాను. ఈ తప్పు ఎందుకొస్తోందో నాకు తెలియడానికే చాలా ఏళ్లు పట్టింది. దిద్దేవాళ్లకి కాయితం మీద తప్పు కనబడుతుంది, చెవిలో ఏం మోగిందో కనబడదు.

చెవిని నమ్మితే మోసపోయేవి ఇంకొన్ని ఉన్నాయి. ‘ఫినైల్’కి ‘ఎఫ్’ కాదు, ‘పీ’. ‘సయనో’కి ‘ఎస్’ కాదు, ‘సీ’. ‘ఆక్సో’ మనకి ‘ఆ’లా వినబడినా అది ‘ఓ’, అంటే హైడ్రాక్సీ తర్వాత, మిథైల్ కూడా దాటాక వస్తుంది. తెలుగులో ‘క’ తర్వాత ‘బ’ కాబట్టి క్లోరో, బ్రోమో అని రాయబుద్ధేస్తుంది. అక్కడ బ్రోమోనే ముందు. డై, ట్రై అనేవి లెక్కలోకి రావు, డైమిథైల్‌ని ‘ఎమ్’ దగ్గరే నిలబెట్టాలి. ఇవన్నీ ఒక కాయితం మీద ఇంగ్లిష్‌లో వరసగా ఒక్కసారి నీ చేత్తో రాసుకుంటే చాలు. అమైనో, బ్రోమో, క్లోరో, సయనో, ఇథైల్, ఫ్లోరో, హైడ్రాక్సీ, అయొడో, మిథైల్, నైట్రో, ఆక్సో, ఫినైల్. నీ సిలబస్‌కి దాదాపు ఇంతే.

ఇక మొదటి ప్రశ్న. సీహెచ్₃–సీఓ–సీహెచ్₂–సీహెచ్₂–సీహెచ్₂–ఓహెచ్. నువ్వు రాసింది 1-హైడ్రాక్సీపెంటాన్-4-ఓన్. ఈ తప్పు నాకు బాగా తెలుసు, నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బోర్డు మీద, డెబ్బై మంది ముందు. ఓహెచ్ చివర కొట్టొచ్చినట్టు కనబడుతుంటే అక్కడే ఒకటి వేసేశాను. చివరి బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి, “మేడమ్, కీటోన్ పెద్దది కదా” అన్నాడు. డస్టర్ తీసుకుని తుడిచేశాను, ఇంకేం చేస్తాను. సరైన పేరు 5-హైడ్రాక్సీపెంటాన్-2-ఓన్. అణువులో ఆల్కహాల్ కంటే కీటోన్ పెద్ద, అందుకని దానికే చిన్న నంబర్ దక్కాలి. ఓహెచ్‌కి 5 వచ్చినా ఎవరూ బాధపడరు.

నీకూ నాకూ ఆ తప్పు ఎందుకు వచ్చిందంటే, ఇద్దరం పేరుని ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోయాం. చదివేది అలాగే, కట్టేది మాత్రం వెనక నుంచి. ముందు పేరు చివర ఏం రావాలో తేల్చుకో. ఓయిక్ ఆమ్లమా, ఆల్డిహైడ్‌కి వచ్చే ‘ఆల్’ అనే తోకా, కీటోన్‌కి వచ్చే ‘ఓన్’ తోకా, ఆల్కహాల్‌కి వచ్చే ‘ఓల్’ తోకా, ‘ఎమీన్’ తోకా? ఆ ఒక్క ముక్క కాయితం కుడిచివర రాసేయ్. అది రాశాక, ఆ సమూహం ఉన్న కార్బన్ల గొలుసుని, అంటే శృంఖలాన్ని, పెన్సిల్‌తో చుట్టేయ్. దాని వైపు నుంచి నంబర్లు వెయ్యి. ద్విబంధం, త్రిబంధం ఉంటే ఏన్ బదులు ఈన్, ఐన్ పెట్టు. మిగిలినవన్నీ పూర్వపదాలు. వాటిని ఇంగ్లిష్ వరసలో ఎడమవైపు పేర్చు. నీ కలం కుడి నుంచి ఎడమకి నడవాలి. మొదటి వారం చెయ్యి మొండికేస్తుంది, తర్వాత అలవాటు పడుతుంది.

చివర దక్కేది ఒక్కరికే. రేషన్ కార్డులో కుటుంబ పెద్ద ఒక్కరే ఉంటారు చూడు, అలాగన్నమాట. ఇంట్లో ఎవరి గొంతు పెద్దదో వాళ్లు కాదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో వయసులో పెద్దామె కుటుంబ పెద్ద. రూలు ముందే రాసి ఉంది, ఇంట్లో ఓటింగు పెట్టరు. అణువులోనూ అంతే. అందుకే పెంటాన్-1-ఓల్-4-ఓన్ లాంటి పేరు చెల్లదు, పెద్దలు ఇద్దరు కూర్చున్నారు అందులో. కాకపోతే అదే సమూహం రెండుసార్లు వస్తే ఇద్దరికీ చోటుంటుంది, డైఓయిక్ ఆమ్లం, డైఓల్ అని. పోలికని అంతకంటే లాగకు, తెగిపోతుంది.

మరి పెద్ద ఎవరు? ఇక్కడే నీ గోడమీది చార్టు నిన్ను దెబ్బ తీసింది. పన్నెండు వరసలు కారణం లేకుండా బట్టీ పడితే పరీక్ష హాల్లో నిలవవు. నేను చెప్పే లెక్క ఇది. సమూహంలోని కార్బన్‌ని చూడు. దాని నుంచి ఆక్సిజన్‌కో, నైట్రోజన్‌కో, క్లోరిన్‌కో ఎన్ని బంధాలు వెళ్తున్నాయో లెక్కపెట్టు, ద్విబంధానికి రెండు, త్రిబంధానికి మూడు. కార్బాక్సిలిక్ ఆమ్లంలో ఒక ఆక్సిజన్‌కి రెండు, ఇంకో ఆక్సిజన్‌కి ఒకటి, మొత్తం మూడు. ఎస్టర్‌లో మూడు. ఆసిడ్ క్లోరైడ్‌లో రెండు ఆక్సిజన్‌కి, ఒకటి క్లోరిన్‌కి, మళ్లీ మూడే. అమైడ్‌లో మూడు. నైట్రైల్‌లో నైట్రోజన్‌కే మూడు. వీళ్లంతా పై అరుగు మీదివాళ్లు. ఆల్డిహైడ్, కీటోన్‌లలో రెండు, మధ్య అరుగు. ఆల్కహాల్, ఎమీన్‌లలో ఒక్కటి, కింది అరుగు. అరుగులు మూడే, పన్నెండు కాదు. 

ఒకే అరుగు మీద కొట్లాట వస్తే ఆక్సిజన్ వైపు మొగ్గు. కింది అరుగులో ఓహెచ్ ముందు, ఎన్‌హెచ్₂ తర్వాత. పై అరుగులో ఆమ్లం, ఎస్టర్, ఆసిడ్ క్లోరైడ్ అయ్యాక నైట్రోజన్ ఉన్న అమైడ్, చివర నైట్రైల్. మధ్య అరుగులో ఆల్డిహైడ్ ముందు, కీటోన్ తర్వాత. సల్ఫోనిక్ ఆమ్లం ఒక్కటి ఈ లెక్కకి లొంగదు, దాన్ని కార్బాక్సిలిక్ ఆమ్లం పక్కనే విడిగా గుర్తుపెట్టుకో. హాలోజన్లు, నైట్రో, మిథాక్సీ లాంటివి అసలు అరుగెక్కవు. వాటికి తోక హక్కు లేదు, ఎన్ని ఉన్నా పూర్వపదాలే.

రెండో ప్రశ్న కాస్త చిక్కుది, నిదానంగా చూద్దాం. ఓహెచ్‌సీ–సీహెచ్₂–సీహెచ్₂–సీఓఓహెచ్. నువ్వు 3-ఫార్మైల్‌ప్రొపనోయిక్ ఆమ్లం అన్నావు. చార్టులో ఆల్డిహైడ్ ఎదురుగా ఫార్మైల్ అని ఉంది కదా, నీ తప్పేం లేదు. చార్టు సగమే చెప్పింది. ఆల్డిహైడ్ కార్బన్ ఎక్కడ కూర్చుందో చూడాలి. ఇక్కడ అది శృంఖలం చివర, వరసలో ఉంది. వరసలో ఉన్న కార్బన్‌ని వదిలేసి మూడే లెక్కపెట్టడం కుదరదు. దాన్నీ కలుపుకుంటే నాలుగు, అంటే బ్యూటనోయిక్. ఆ నాలుగో కార్బన్ మీద ద్విబంధంతో ఒక ఆక్సిజన్ ఉంది, దాని పేరు ఆక్సో. కనుక 4-ఆక్సోబ్యూటనోయిక్ ఆమ్లం. అదే సీహెచ్ఓ బెంజీన్ వలయానికి అతుక్కుని ఉంటే వలయంలో కలవదు కదా, అప్పుడు ఫార్మైల్ అనాలి. 4-ఫార్మైల్‌బెంజోయిక్ ఆమ్లం.

దీని పక్కనే ఇంకోటి పెట్టి చూడు. ఎన్‌సీ–సీహెచ్₂–సీహెచ్₂–సీఓఓహెచ్. ఇక్కడా కార్బన్లు నాలుగే, చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. దీని పేరు మాత్రం 3-సయనోప్రొపనోయిక్ ఆమ్లం. సయనో అనే మాటలోనే ఆ కార్బన్ ఉంది, మళ్లీ శృంఖలంలో లెక్కపెడితే ఒకే మనిషికి రెండు టికెట్లు కొట్టినట్టు. ఆక్సో అంటే ఉత్త ఆక్సిజన్, కార్బన్ అందులో లేదు. ఈ రెండు నిర్మాణాల్నీ ఒకే పేజీలో ఎదురెదురుగా వేసి ఒక పావుగంట వాటినే చూస్తూ కూర్చో. చాలా ఎంట్రన్స్ ప్రశ్నల్లో పిల్లలు జారేది ఇక్కడే.

ద్విబంధం సంగతి క్లుప్తంగా. సీహెచ్₃–సీహెచ్=సీహెచ్–సీఓ–సీహెచ్₃ని పెంట్-3-ఈన్-2-ఓన్ అంటాం. ఈన్, ఓన్ రెండూ ఉన్నాయి, ఇద్దరు పెద్దలు కారా అంటావేమో. ఈన్ అనేది మూలపదానికి ఆనుకునే ముక్క, ఏన్ ఉండే చోట అది కూర్చుంది. పెద్దరికంతో దానికి పోటీ లేదు. నంబర్లు వేసేటప్పుడు మాత్రం దాని వంతు ప్రధాన సమూహం తర్వాతే వస్తుంది. ప్రధాన సమూహానికి రెండు వైపుల నుంచీ ఒకే నంబర్ వస్తే అప్పుడు ద్విబంధానికి చిన్న నంబర్, అక్కడా తేలకపోతేనే మిగతా పూర్వపదాలు.

సాధనకి గైడు కొనక్కర్లేదు, వంటింట్లోకి వెళ్లు. పులిహోరలో చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లం. నాలుగు కార్బన్లు, రెండు చివర్లా సీఓఓహెచ్, నడుమ రెండింటి మీదా ఓహెచ్. వెనక నుంచి కట్టు. డైఓయిక్ ఆమ్లం, బ్యూటేన్, 2,3-డైహైడ్రాక్సీ. 2,3-డైహైడ్రాక్సీబ్యూటేన్‌డైఓయిక్ ఆమ్లం. ఆ రెండు ఓహెచ్‌లలో ఒకదాన్ని తీసి హైడ్రోజన్ పెడితే మాలిక్ ఆమ్లం, 2-హైడ్రాక్సీబ్యూటేన్‌డైఓయిక్. మామిడికాయలో ఉంటుంది. జూన్‌లో చిత్తూరు రోడ్ల మీద గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడ్లు క్యూ కట్టినప్పుడు ఆ పుల్లని వాసన మధ్య నుంచి బస్సు వెళ్తుంటే నాకు ఈ పేరే గుర్తొస్తుంది. రిటైరయ్యాక కూడా వదల్లేదు ఈ జబ్బు. పెరుగులో లాక్టిక్ ఆమ్లం, 2-హైడ్రాక్సీప్రొపనోయిక్. నిమ్మకాయలో సిట్రిక్ కాస్త తిరకాసు. మూడు ఆమ్ల సమూహాలు మూడు పక్కపక్క కార్బన్లకి ఉంటాయి. మూడింటినీ ఒకే శృంఖలంలోకి ఇరికించలేం కాబట్టి వాటిని బయటే ఉంచి, 2-హైడ్రాక్సీప్రొపేన్-1,2,3-ట్రైకార్బాక్సిలిక్ ఆమ్లం అంటాం.

ఈ పులుపుల్లో చాలావాటిని మొదట విడదీసిన మనిషి ఒక్కడే, స్వీడన్‌లో మందుల దుకాణం నడిపిన షీలే. 1780లో పులిసిన పాల నుంచి లాక్టిక్, 1784లో నిమ్మరసం నుంచి సిట్రిక్, 1785లో యాపిల్ నుంచి మాలిక్. ఎక్కడ దొరికితే ఆ పేరు. ఇంట్లో పిలిచే ముద్దుపేర్లలాంటివి అవి. దొరికినవాటి సంఖ్య పెరిగేకొద్దీ ముద్దుపేర్లతో పని జరగక, 1892లో జెనీవాలో రసాయన శాస్త్రవేత్తలు కూర్చుని రికార్డు పేర్లకి పద్ధతి మొదలుపెట్టారు. మనం ఇప్పుడు నేర్చుకునేది దాని మనవడి మనవడు.

నీకు మార్కు తెచ్చిన మూడో సమ్మేళనానికీ ముద్దుపేరుంది, సెరీన్. 1865లో పట్టు నుంచి తొలిసారి తీశారు, పట్టుకి లాటిన్ మాట సెరికమ్. మన పలమనేరు, కుప్పం వైపు మల్బరీ తోటలు చూసే ఉంటావు. ఆ పట్టుపురుగు దారాల మీద జిగురులా ఉండే సెరిసిన్ అనే ప్రోటీన్‌లో ఈ సెరీన్ పుష్కలంగా ఉంటుంది.

జ్వరం మాత్ర పారాసిటమాల్‌ని కూడా వదలకు. బెంజీన్ వలయం, దానికో ఓహెచ్, ఎదురుగా అమైడ్. లెక్క ప్రకారం అమైడ్‌ది పై అరుగు, అందుకే పేరు ఎథనమైడ్‌తో ముగుస్తుంది, ఓల్‌తో కాదు. ఎన్-(4-హైడ్రాక్సీఫినైల్)ఎథనమైడ్. తీర్థంలో వేసే పచ్చకర్పూరం జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. దానిలో ఉన్నది ఒకే ఒక్క కీటోన్, అయినా పేరు బారెడు. ఆ పొడుగు ప్రమేయ సమూహాల వల్ల వచ్చింది కాదు, రెండు వలయాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వల్ల వచ్చింది.

ఒక హెచ్చరిక. అక్కల దగ్గర తీసుకున్న పాత గైడుల్లో 2-బ్యూటనాల్ అనీ, నీ పుస్తకంలో బ్యూటాన్-2-ఓల్ అనీ ఉంటుంది. రెండూ ఒకటే. 1979 నాటి నియమాల్లో నంబర్ పేరుకి ముందుండేది. 1993 సిఫారసుల నుంచి అది ఎవరిదో వాళ్ల పక్కకే జరిగింది. 2013లో ఇంకో మార్పు వచ్చింది. ద్విబంధం ఉన్న పొట్టి శృంఖలం, లేని పొడుగు శృంఖలం మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఇప్పుడు పొడుగుదానికే ఓటు, అంతకుముందు ద్విబంధానికి. పరీక్షకి మాత్రం నీ పాఠ్యపుస్తకం ఏది చెబితే అదే రాయి. ఇంటర్నెట్‌లో చూసిన పేరు తెచ్చి పేపర్ దిద్దేవాళ్లతో వాదించే వయసు తర్వాత వస్తుంది.

సార్‌ని అడగడం గురించి. అందరి ముందూ అడగక్కర్లేదు. క్లాసయ్యాక ఆన్సర్ షీట్ పట్టుకుని స్టాఫ్ రూమ్ దగ్గరికి వెళ్లి, “సార్, నాలుగోది తెలుగు అక్షరక్రమంలో పెట్టాను, అందుకే తప్పా?” అని అదొక్కటే అడుగు. ‘నాకు అర్థం కాలేదు సార్’ అంటే విసుక్కునేవాళ్లు కూడా ఇలా ఫలానా చోట అని వేలు పెట్టి అడిగితే కుర్చీ చూపిస్తారు. పైగా, మీ క్లాసులో తెలుగు మీడియం నుంచి వచ్చిన మిగతావాళ్లు ఆ నాలుగోది ఎలా రాశారో ఆయనా ఒకసారి తిరగేసి చూస్తారు.

పాకాల రైల్లో వచ్చేటప్పుడు చెయ్యడానికి ఒకటి ఇస్తున్నాను. సీహెచ్₂=సీహెచ్–సీఓ–సీహెచ్‌బీఆర్–సీహెచ్₂–ఓహెచ్. కీటోన్ సరిగ్గా నట్టనడుమ ఉంది, ఎటు నుంచి లెక్కపెట్టినా మూడే. అప్పుడు నంబర్లు ఎవరి వైపు నుంచి వెయ్యాలో తేల్చి, పేరు కట్టి పంపు. చివర ఓహెచ్ ఊరిస్తుంది, తొందరపడకు.